ఎవరిదీ కాని కొండ

బనీ సుయెఫ్,
1983 అక్టోబరు 20

నిహాల్,

ముందు నీ అక్షరాల సంగతి తేల్చాలి. అలిఫ్, యా, సీన్ పెట్టి 'ఈసామ్' అని రాశావు. అలాంటి పేరు అరబ్బీలో లేదు కాబట్టి చంద్రుడి మీదా ఉండడానికి వీల్లేదు. అది 'ఇసామ్'. ఐన్, సాద్, అలిఫ్, మీమ్. ఇంగ్లీషు పటంలో ఉన్న అక్షరాలను చూసి ఒక్కొక్కటే మన అక్షరాల్లోకి దింపుకున్నావని అర్థమైంది. పరాయివాళ్ళ గొంతులో ఐన్ పలకదు, సరే. నీ గొంతుకేమైంది? ముప్ఫై ఏళ్ళు ఈ ఊరి ఆడపిల్లలకు అరబ్బీ చెప్పి, చివరికి సొంత మనవరాలు మేనమామ పేరు తప్పు రాస్తే చదువుకునే యోగం పట్టింది నాకు.

నువ్వు రాసిన లెక్కన ఆ మాటకు అర్థమే లేదు. సరిగా రాస్తే ఉంది. నీళ్ళతిత్తి మూతికి కట్టి భుజాన మోసే తాడు. ఎడారిలో తిరిగినవాళ్ళకు ఆ తాడు విలువ తెలుసు, అందుకే కొడుకులకు పెట్టుకున్నారు. మా చెల్లెలు మాత్రం పక్కవీధి డాక్టరుగారి పేరని పెట్టుకుంది.

ఇక రెండో సంగతి. ఇది అక్షరదోషం కాదు, ఎర్రసిరాతో దిద్దడం కుదరదు.

నీ ఉత్తరం ఎప్పట్లాగే వరండాలో కూర్చుని మీ చిన్నమ్మమ్మకు పైకి చదివాను. సకీనా పళ్ళెంలో పప్పు పోసుకుని వేళ్ళతో తడుముతూ రాళ్ళు ఏరుతోంది. 'చంద్రుడి మీద సుకూన్ సముద్రానికి ఉత్తరంగా చిన్న కొండ ఒకటుంది అమ్మమ్మా, దాని పేరు ఈసామ్ అట, మన మామయ్య పేరులా లేదూ?' అన్నంతవరకు బాగానే ఉంది. దాని మొహం వెలిగింది. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. ఆ కింద నీ పాండిత్యం: 'బతికున్నవాళ్ళ పేర్లు అక్కడ పెట్టరు, పోయినవాళ్ళవే పెడతారు, అది నియమం.' అదీ చదివేశాను. పాఠం చెప్పినవాళ్ళ నోరు చుక్క వచ్చేదాకా ఆగదు.

"ఇంకోసారి చదువక్కా" అంది.

"ఉండు, నీళ్ళు తాగొస్తాను."

"తర్వాత తాగుదువుగాని. చదువు."

చదివాను.

"నియమమా?"

"అలాగని రాసింది."

"ఎవరు పెడతారట?"

"పెద్దపెద్ద దేశాల వాళ్ళు కూర్చుని పెడతారట."

"అయితే వాళ్ళకు తెలిసే ఉంటుంది" అంది.

పప్పు పళ్ళెం కింద పెట్టి తన ఇంట్లోకి వెళ్ళింది. కాసేపటికి గడియ పడిన చప్పుడు వినిపించింది. ఇసామ్ వెళ్ళిన ఆ అరవై ఏడు జూన్ యుద్ధం నుంచీ గడియ పడని తలుపది, నీకు కొత్తగా చెప్పాలా? సీనా ఎడారి దాటి నడిచొచ్చే పిల్లాడు ఏ వేళకు చేరతాడో తెలియదని. తెరిచిన తలుపులోంచి దొంగ వచ్చి స్టవ్వు ఎత్తుకుపోతే, "పోనీలే, తలుపు తీసుంటుందని ఊరందరికీ తెలియడం మంచిదే" అన్న మనిషి. కిటికీలో కూజా రోజూ సాయంత్రం కడిగి నింపేది. వాడితోపాటు నడిచి, ప్రాణాలతో వచ్చిన కుర్రవాడు "మొదట నీళ్ళు అయిపోయాయి" అన్నాడని. నిరుడు పరాయి సైన్యం చేతిలోంచి సీనా మనకు తిరిగి వచ్చిన రోజున వాడికో చొక్కా కుట్టించింది. ఇరవై ఏళ్ళవాడి కొలతకే కుట్టించింది. వాడికి ముప్ఫై అయిదు దాటాయని చెప్పే ధైర్యం దర్జీకీ లేకపోయింది, నాకూ లేకపోయింది.

ఈ ఉదయం ఆ కూజా కిటికీలో లేదు. తన బట్టలన్నీ మూటగట్టి రంగులవాడికి పంపింది. నలుపు.

నువ్వు తెలిసి రాయలేదని నాకు తెలుసు. ఆ కొండకు ఏ ఇసామ్ పేరు పెట్టారో మాత్రం కనుక్కుని రాయి. వేరెవరో పెద్దమనిషే అయి ఉంటాడు. తెలిస్తే ఏం చెయ్యాలో ఆలోచిద్దాం.

మీ అమ్మమ్మ
బహీగా

*

హెల్వాన్,
అక్టోబరు 29

అమ్మమ్మా,

ఐన్, సాద్, అలిఫ్, మీమ్. ఐన్, సాద్, అలిఫ్, మీమ్. కావాలంటే కాగితం నిండా రాస్తాను.

తమాషాగా ఉంటుందని రాశాను. మామయ్య పేరు ఎక్కడ కనిపించినా చిన్నమ్మమ్మ సంతోషిస్తుందని అనుకున్నాను. ఆ నియమం మాట ఎందుకు రాశానో నాకే తెలియదు. ఆ వారమే నేర్చుకున్నాను, ఎవరికో ఒకరికి చెప్పాలి, అంతే.

ఇక్కడ వేధశాలలో మా పెద్దాయన డాక్టర్ లబీబ్‌ని అడిగాను. ఆయన పుస్తకం తీసి చూపించారు. అమ్మమ్మా, అది ఎవరి పేరూ కాదు. పెద్దపెద్ద బిలాలకే మనుషుల పేర్లు, ఆ నియమం వాటికి. ఇలాంటి చిన్నచిన్న వాటికి ఒక్కోసారి ఒట్టి పేరు పెడతారట. ఏ దేశంలోనైనా మామూలుగా మగవాళ్ళకో ఆడవాళ్ళకో పెట్టుకునే పేరు. పుస్తకంలో దాని పక్కన రాసి ఉన్నది రెండే మాటలు: 'అరబ్బు పురుషనామం'. ఇంకోచోట ఇలాగే ఒక కొండకు దిలీప్ అని పెట్టారు, హిందూదేశపు పేరట. ఆ దిలీప్ కూడా ఎవరూ కాదు.

నేను సెలవు పెట్టి వస్తాను. నేనే చెబుతాను. నా వల్ల వచ్చింది, నేనే చెప్పాలి. లేని చావు ఒకటి కాగితం మీద రాసి పంపానన్న ఆలోచన భరించలేకపోతున్నాను. మామయ్య వెళ్ళేటప్పటికి నాకు ఏడేళ్ళు. వరండాలో కూర్చుని పుచ్చగింజలు ఎవరు దూరం ఉమ్ముతారని పందెం వేసేవాడు, కావాలని ఓడిపోయేవాడు. అంతకుమించి నాకేమీ గుర్తులేదు. చిన్నమ్మమ్మకు ఎంత గుర్తుండి ఉంటుందో.

ఎప్పుడు రమ్మంటావో రాయి.

నిహాల్

*

బనీ సుయెఫ్,
నవంబరు 8

నిహాల్,

రావద్దు.

నీ ఉత్తరం సకీనాకు చదివాను. అంటే, అందులో ఉన్నది చదవలేదు. 'చిన్నమ్మమ్మ చేతులకు ముద్దులు, ఇక్కడ చలి మొదలైంది, కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా' అని చదివాను. ముప్ఫై ఏళ్ళు వ్యాసరచన నేర్పినదాన్ని, అరపేజీ కల్పించలేనా? అది విని తలూపింది. కొంచెం ఆలోచించినట్టు కనిపించింది గానీ ఏమీ అడగలేదు.

ఇక్కడ ఏం జరుగుతోందో తెలిస్తే నువ్వు బండెక్కే మాట ఎత్తవు. మూడు రోజులు వీధిలోని ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. చక్కెర లేని కాఫీ కాచి కాచి నా చేతులకు ఆ వాసన వదలడంలేదు. ఖురాన్ చదవడానికి షేక్ మెత్వల్లీ వచ్చాడు. గొంతు పోయింది కానీ మనిషి మంచివాడు. పదహారేళ్ళుగా సకీనా ఎదుట ఇసామ్ పేరెత్తడానికి భయపడినవాళ్ళంతా ఒక్కసారిగా మొదలుపెట్టారు. వాడు కాలవలో ఈదింది ఒకరు, రంజాన్ దీపం పగలగొట్టింది ఒకరు. ఎదురింటి ఉమ్మ్ హాషిమ్ అయితే, "చంద్రుడి మీద పేరంటే తక్కువ మాటా! మా ఆయన ఇరవై ఏళ్ళు మునిసిపాలిటీలో చేస్తే చెత్తబండి మీద కూడా రాయలేదు" అంది. అంత దుఃఖంలోనూ సకీనా నవ్వింది. నవ్వి, అదే ఊపున ఏడ్చింది. ఆ ఏడుపు నేను ఎప్పుడూ వినలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా అది అలా ఏడవలేదు.

ఇప్పుడు నిద్రపోతోంది. ఇన్నేళ్ళూ గోడ అవతల అది దగ్గుతూ, లేచి తలుపు దాకా వెళ్ళి వస్తూ ఉంటే వింటూ పడుకోవడం నాకు అలవాటు. ఇప్పుడు గురక వినిపిస్తుంటే నాకు నిద్ర పట్టడంలేదు.

నువ్వు నిజం చెబుతానంటున్నావు. చెప్పి దానికి ఏమిస్తావు? మళ్ళీ తెరిచిన తలుపు, మళ్ళీ కిటికీలో కూజా, మళ్ళీ ఆ ఇరవై ఏళ్ళవాడి చొక్కా. కొండ వాడిది కాదని తెలిసిన మరుక్షణం వాడు బతికే ఉన్నాడని లేచి గడియ తీస్తుంది. ఇంకో పదహారేళ్ళు ఎదురుచూసే ఓపిక దానికి ఉందేమో గాని, పక్కన కూర్చుని చూసే ఓపిక నాకు లేదు.

పైకి చదవదగ్గ ఉత్తరం ఒకటి రాసి పంపు. కోళ్ళ సంగతి నేను అడిగేశాను, నువ్వు మేకల సంగతి అడుగు.

మీ అమ్మమ్మ

*

బనీ సుయెఫ్,
డిసెంబరు 12

(ఇది సకీనా చెబుతోంది, నేను రాస్తున్నాను. ఒక్క మాట మార్చనని ఒట్టు వేయించుకుంది. బ్రాకెట్లలో ఉన్నది నాది, అది దానికి తెలియదు.)

అమ్మా నిహాలూ, నా కంటి వెలుగూ,

నీ చేతులు చల్లగుండ. నీ మొదటి ఉత్తరం నా గుండెను కాల్చింది, తర్వాత చల్లార్చింది. నువ్వు కంగారు పడుతున్నావని మీ అమ్మమ్మ గొంతు వింటే తెలుస్తోంది. కంగారు పడకు. కోళ్ళు బాగున్నాయి.

ఆ కొండ సముద్రం పక్కన ఉందని రాశావు చూడు, ఆ ఒక్కమాటే నన్ను పడుకోబెట్టింది. వాడు నీళ్ళు లేకుండా పోయాడు. ఇప్పుడు నీళ్ళ పక్కన ఉన్నాడు. (ఆ సముద్రంలో చుక్క నీరు లేదని నాకు తెలుసు. చంద్రుడి మీద దిగినవాళ్ళ ఫొటోలు పత్రికలో చూశాను, ఉన్నదంతా దుమ్మే. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఏం చెయ్యను.)

ఆ సముద్రం పేరు సుకూన్ అట. నా పేరు అందులోంచి వచ్చిందే కదా అని మీ అమ్మమ్మను అడిగాను. అవునంది. (అబద్ధం కాదు. రెండూ ఒకే ధాతువు. సుకూన్, సకీనా. కదలకుండా, నిమ్మళంగా ఉండడం. వ్యాకరణం ఇంత పని చేస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.) తల్లి పేరు సముద్రానికి, కొడుకు పేరు దాని ఒడ్డున కొండకు. పెట్టినవాళ్ళు ఎంత ఆలోచించి పెట్టారో చూడు. వాళ్ళకు నా పేరు ఎవరు చెప్పారు? వాడే చెప్పి ఉండాలి. చిన్నప్పుడు వీధిలో ఒక్కరికీ నా పేరు చెప్పేవాడు కాదు. మగపిల్లలంతా అంతే కదా, తల్లి పేరు బయటికొస్తే తోటివాళ్ళు దాంతో ఏడిపిస్తారని ప్రాణం పోయినా చెప్పరు. ఒకసారి ఆ కసాయి కొడుకు ఎలాగో తెలుసుకుని వీధంతా 'సకీనా కొడకా' అని అరిస్తే, వాడు పన్ను ఊడగొట్టుకుని ఇంటికొచ్చాడు. అలాంటివాడు చివరికి చెప్పాడన్నమాట.

అది ఎంత ఎత్తుంటుంది తల్లీ? మన మీదూమ్ పిరమిడ్ అంత ఉంటుందా? అక్కడ గాలి తగులుతుందా?

మీ అమ్మమ్మ వద్దంటోంది గానీ నేను వచ్చి చూస్తాను. అందరూ గురువారం వాళ్ళవాళ్ళ సమాధుల దగ్గరికి రొట్టెలు తీసుకెళ్ళి పంచుతారు. ఇన్నేళ్ళూ ఆ రోజున తలుపు దగ్గర కూర్చుని, బుట్టలు పట్టుకుని వెళ్ళేవాళ్ళను చూసేదాన్ని. నేనెటు వెళ్ళను? ఇప్పుడు నాకూ ఒక చోటు దొరికింది. సోంపు వేసి రొట్టెలు చేసుకుని వస్తాను, అక్కడ మీ వాళ్ళకు పెడతాను. గురువారమే చూడనిస్తారా, ఏ రోజైనా చూడనిస్తారా అడిగి రాయి.

నీ చిన్నమ్మమ్మ
సకీనా

(కళ్ళకు శుక్లాలు. ఎదురుగా ఉన్న ఉమ్మ్ హాషిమ్‌నే గొంతును బట్టి పోల్చుకుంటుంది. ఏం చూస్తుందో ఏమో. ఏదో వంక చెప్పి ఆపు.)

*

హెల్వాన్,
జనవరి 15

చిన్నమ్మమ్మా,

నీకు నా ముద్దులు. ఏ రోజైనా రావచ్చు, కానీ ఆ కొండ బాగా కనబడేది నెలవంక అయిదోరోజు ప్రాయంలో. ఎండ పక్కనుంచి పడి, దాని నీడ పొడుగ్గా సాగుతుంది. ఫిబ్రవరి ఆరో తేదీ సోమవారం, సాయంత్రం నమాజు కాగానే. మీదూమ్ పిరమిడ్ కంటే చాలా పెద్దది, కానీ అంత దూరాన్నుంచి ఆవగింజంత కనిపిస్తుంది. ఆ రోజు మీ ఇద్దరికీ నా గదిలోనే పడక. చలి ఎక్కువ, ఉన్ని శాలువాలు తెచ్చుకోండి.

నీ నిహాల్

*

(ఈ కాగితం నీకొక్కదానికే అమ్మమ్మా, పైకి చదవకు.)

ఆపు అన్నావు. ఆపలేను. రొట్టెలు చేసుకుని వస్తానన్న మనిషికి ఏ వంక చెప్పను? వచ్చాక నన్ను మొహంమీద అడిగితే మాత్రం నిజమే చెబుతాను. నేను నీలా కోళ్ళను కల్పించలేను. అడగకపోతే సరే.

ని.

*

హెల్వాన్,
ఫిబ్రవరి 9

అమ్మమ్మా,

నాతో ఒక్కమాట కూడా మాట్లాడకుండా రైలెక్కావు. ఆపమంటే ఆపలేదు, కోపం న్యాయమే. కానీ మోకాళ్ళ నొప్పులని నువ్వు కింద బెంచీ మీదే కూర్చుండిపోయావు. పైన ఏం జరిగిందో చిన్నమ్మమ్మ నీకు చెప్పిందో లేదో. చెప్పకపోతే నువ్వు తెలుసుకోవాలి.

మెట్లు ఎక్కేటప్పుడు రొట్టెల బుట్ట నన్ను పట్టుకోనివ్వలేదు. పైన డాక్టర్ లబీబ్ దుర్భిణి సరిచేసి ఉంచారు. ఆయనకు ముందే చెప్పాను, మా చిన్నమ్మమ్మ కొడుకు యుద్ధంలో పోయాడు, ఆ పేరే ఉందని చూడ్డానికి వస్తోంది అని. అంతే చెప్పాను. మిగతాది చెప్పడానికి సిగ్గేసింది.

చిన్నమ్మమ్మ గొట్టానికి కన్ను ఆనించి చాలాసేపు చూసింది. "ఎలా ఉంది?" అన్నాను. "తెల్లగా ఉంది" అంది. తర్వాత, "ఒకచోట చిన్న మచ్చ ఉంది, అదేనా?" అంది. నేను చూశాను. ఏ మచ్చో నాకెలా తెలుస్తుంది, తన కంట్లోదో, చంద్రుడి మీదిదో? "అదే" అన్నాను.

అప్పుడు ఆయన వైపు తిరిగింది. "అయ్యా, మా వాడి పేరు వాళ్ళకు ఇచ్చిందెవరు? వాడి దళంలో అధికారా? ఆయన్ను కలిసి చెయ్యి ముద్దుపెట్టుకోవాలి."

చెబుతానని పొగరుగా రాశాను కదా నీకు. నేల చూస్తూ నిలబడ్డాను. ఆయన నా వంక చూశారు, ఆవిడ వంక చూశారు, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"అమ్మా, అది మీవాడి పేరని పెట్టింది కాదు."

"మరి ఎవరిది?"

"ఎవరిదీ కాదు. ఒట్టి పేరు."

"ఒట్టి పేరంటే?"

"పేర్ల జాబితాలోంచి ఒకటి తీసి పెట్టారు. మనిషి లేడు."

చిన్నమ్మమ్మ తలూపింది. ఏడవలేదు. "సముద్రం?" అంది. "నీళ్ళు లేవమ్మా. పూర్వంవాళ్ళకు నల్లగా కనబడితే సముద్రం అనుకున్నారు. బండరాయి, దుమ్ము." "గాలి?" "అదీ లేదు."

"సీనాలాగే అయితే" అంది.

మళ్ళీ ఒకసారి చూస్తానంది. చూసి, శాలువా అంచుతో ఆ అద్దం తుడిచింది. "మీ అద్దానికి తడి అంటింది, ఏమీ అనుకోకండి బాబూ" అంది ఆయనతో. బుట్ట మూత తీయకుండానే కిందికి దిగింది.

మర్నాడు పొద్దున మీరు వెళ్ళేదాకా నాతో మామూలుగానే ఉంది, నా జుట్టు కూడా దువ్వింది. అదే నన్ను చంపుతోంది. తలుపు ఎలా ఉందో రాయి అమ్మమ్మా. ఇంకేమీ రాయకపోయినా పర్వాలేదు. గడియ వేస్తోందా, తీసే ఉంచుతోందా?

నిహాల్

*

బనీ సుయెఫ్,
ఫిబ్రవరి 18

నిహాల్,

ఒక్కమాట కూడా మాట్లాడలేదన్నది తప్పు. 'శాలువా కప్పుకో' అన్నాను. అది మాటే.

కోపం ఉండేది, ఇప్పుడు లేదు. వెతికాను, దొరకలేదు.

రైల్లో వాస్తా స్టేషను దాటేదాకా సకీనా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. బుట్ట ఒళ్ళో పెట్టుకుంది. మా చుట్టూ సెలవు మీద ఊళ్ళకు పోతున్న సైనికులు. కాళ్ళు చాపుకుని ఒకరి మీద ఒకరు వాలి నిద్ర. ఉన్నట్టుండి అంది:

"నీకు ముందే తెలుసు కదక్కా?"

"ఏది?"

"ఎవరిదీ కాదని."

"తెలుసు."

"ఆ పిల్ల కోళ్ళ సంగతి అడగలేదు కదా?"

"లేదు."

"అనుకున్నాను. దానికి కోళ్ళంటే భయం."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అది వదలలేదు.

"ఇప్పుడు ఇంటికెళ్ళి గోడ పక్కన చెవి పెట్టుకుని కూర్చుంటావు, గడియ తీస్తానేమో అని."

"నేను అలాంటిదాన్ని కాదు."

"నువ్వు అలాంటిదానివే" అంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, నాతో కాదన్నట్టు చెప్పింది. "వాడు లేడని నాకు ఆ ఉత్తరం చెప్పిందనుకున్నావా? వాడితో నడిచొచ్చిన కుర్రాడు మన గుమ్మంలో కూర్చుని నీళ్ళు తాగాడు చూడు, ఆ రోజే తెలుసు. గుటక గుటకకీ నా మొహం చూడలేక పక్కకు తిరిగాడు. తెలిసి ఏం చెయ్యను? ఎటు తిరిగి ఏడవను? బావ పోతే నీకు ఊరి చివర ఒక సమాధి ఉంది, గురువారం పోయి దాన్ని తిట్టుకుని వస్తావు. నాకేముంది? ఎటు చూసినా ఇసకే. ఏడవడానికి చోటులేక ఎదురుచూశాను."

"ఇప్పుడదీ వాడిది కాదని తేలింది కదే" అన్నాను. అనకూడదు, కానీ నా నోరు నీకు తెలుసు.

"ఎవరిదీ కాదన్నాడు కదా ఆ పెద్దాయన. ఎవరిదీ కాకపోతే ఇంకో తల్లి వచ్చి 'లే, ఇది మావాడి చోటు' అనదు. నేను కూర్చోవచ్చు."



అప్పుడు బుట్ట మూత తీసింది. ఎదుటి సైనికుణ్ణి మోకాలు తట్టి లేపి చేతిలో రొట్టె పెట్టింది. మీసం ఇంకా సరిగా రాలేదు వాడికి. కళ్ళు నులుముకుంటూ, పోయినవాళ్ళ పేర రొట్టె పంచితే అందరూ అడిగినట్టే అడిగాడు, "ఎవరి పేరు మీద అమ్మా? ఫాతిహా చదువుతాను." పెట్టె అంతా వినబడేట్టు చెప్పింది: "ఇసామ్. సకీనా కొడుకు." వాడు తడబడ్డాడు. పరాయి ఆడమనిషి తన పేరు అలా చెబితే మగపిల్లలు ఎటు చూడాలో తెలియక తడబడతారు కదా. తర్వాత చదివాడు. బుట్ట ఖాళీ అయ్యేదాకా పెట్టె పొడుగునా నడిచి, ప్రతివాడికీ అదే మాట చెప్పింది.

ఇంటికొచ్చాక నేను గోడకు చెవి పెట్టలేదు. గోడ పక్కన కుర్చీ వేసుకున్నాను, అంతే. గడియ పడింది. గట్టిగానే పడింది, నా కోసమే కాస్త గట్టిగా వేసి ఉంటుంది. తర్వాత ఏడ్చింది. తెల్లవార్లూ కాదు. ఏడ్చి, నిద్రపోయింది.

పొద్దున్నే చూస్తే కూజా బయటికొచ్చింది. కానీ కిటికీలో లేదు, వీధి అరుగు మీద ఉంది. దాని పక్కన సకీనా చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. "ఇది చాలదక్కా. దారినపోయేవాళ్ళు చాలామంది ఉంటారు. పెద్ద బాన కావాలి" అంది. "వాడున్న చోటా నీళ్ళు లేవు, వాడి పేరున్న చోటా నీళ్ళు లేవు. ఇక్కడ కుళాయి ఉంది."

చలివేంద్రం పెడుతున్నాం. కుమ్మరి బాన తెచ్చి దించాడు. ఉమ్మ్ హాషిమ్ కర్ర పీట ఇచ్చింది, దాని మొగుడిది, ఇన్నాళ్ళకు పనికొచ్చిందని సంబరపడుతోంది. ఆ చొక్కా చింపి బానకు తడిగుడ్డ చుట్టింది సకీనా. నేను చూడలేక ఇంట్లోకి వచ్చేశాను. పేరు రాయడానికి పెయింటరును పిలుస్తానంటే ఒప్పుకోలేదు. నువ్వే రాయి, నువ్వైతే తప్పు రాయవు అంది. రాశాను. ఐన్, సాద్, అలిఫ్, మీమ్. దాని కింద ఏం రాయమందో తెలుసా? 'సకీనా కొడుకు.' నడివీధిలో, ఇంతేసి అక్షరాలతో. "వాడికి చచ్చేంత సిగ్గు కదే" అన్నాను.

"సిగ్గైతే వచ్చి చెరుపుకోమను" అంది.

'సకీనా'లో ఒక చుక్క పక్కకు జారింది. దిద్దలేదు.

ఇక నీ పని. చెంబు కట్టడానికి తాడు కావాలి. ఇక్కడ ఏ కొట్లో అడిగినా నైలానే ఇస్తున్నారు, దానికి ముడి నిలవదు, ఎండకు పొరలు లేస్తుంది. ఖయామియా వీధిలో గుడారాలు కుట్టేవాళ్ళ దగ్గర నూలు తాడు దొరుకుతుంది, చిటికెనవేలంత లావుది తీసుకో. రెండు బారలు చాలు, నీ బారలు కాదు, కొట్టువాడి బారలు. చిన్నపిల్లయినా ముంచుకుని తాగేంత పొడుగు మిగలాలి. కొసలు విడిపోకుండా మైనపు దారం చుట్టించు, నీ ఎదుటే చుట్టించు. వచ్చే గురువారానికి అందాలి కాబట్టి పోస్టులో పంపకు, నువ్వే పట్టుకురా. తిన్నగా చిన్నమ్మమ్మ ఇంటికే వెళ్ళు. వెనకటిలా తోసుకుని పోకు, తలుపు తట్టు. గడియ వేసి ఉంటుంది.

మీ అమ్మమ్మ
బహీగా